పాత నవలకు కొత్త పేరు: విజయనగరంలో ఒక వినియోగదారు కేసు

విజయనగరంలో నా దగ్గరికి వచ్చే వినియోగదారుల కేసుల్లో ఎక్కువ భాగం సెల్‌ఫోన్లు, ఫ్రిజ్‌లు, బీమా క్లెయిములు, ఇళ్ల స్థలాలు. పుస్తకం మీద కేసు చాలా అరుదు. రెండు మూడు వందల రూపాయల వస్తువు కోసం లాయరు దాకా ఎవరొస్తారు? ఎప్పుడో అచ్చయిన నవలకు పేరు మార్చి, కొత్త అట్ట వేసి, తాజా రచన అని అమ్మేవాళ్లకు ఉన్న ధీమా కూడా అదే. మోసపోయిన పాఠకుడు విసుక్కుని పుస్తకం అవతల పడేస్తాడు, అంతటితో సరి. అలా వదిలెయ్యాల్సిన పని లేదు. మా కేసు ఏ దారిన నడిచిందో, ఏ రుజువు పనికొచ్చిందో, ఏ వాదన నిలబడిందో వివరంగా రాస్తున్నాను. కేసు తెచ్చిన టీచరు గారు, ఆ పుస్తకాల రచయిత్రి ఇద్దరూ రాయమన్నారు. మనుషుల పేర్లు, పుస్తకాల పేర్లు, ప్రచురణ సంస్థ పేరు మాత్రం రాయడం లేదు.

కేసు ఏమిటంటే

ఒక రిటైర్డ్ టీచరు గారు తమ కాలనీ సంఘం గదిలో ఉచితంగా చిన్న లైబ్రరీ నడుపుతున్నారు. సాయంత్రం పూట తెరుస్తారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటిన ఆడవాళ్లు. వారపత్రిక సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన తరం, అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి నవలలు తెచ్చుకుని చదివిన తరం. కాలనీవాళ్లు వేసుకున్న చందాతో టీచరు గారు 2024 ఆగస్టులో ఒక ఆన్‌లైన్ షాపు నుంచి పది పుస్తకాలు తెప్పించారు. వాటిలో రెండు ఒకే రచయిత్రివి. నవల వెల 250 రూపాయలు, కథల సంపుటి 200.

నవల వెనక అట్ట మీద "సుప్రసిద్ధ రచయిత్రి తాజా నవల" అని ఉంది. లోపల ముద్రణ వివరాల పేజీలో "ప్రథమ ముద్రణ: 2023" అని ఉంది. ఆన్‌లైన్ షాపు పేజీలో "న్యూ రిలీజ్" అని ఉంది. కథల సంపుటికి ప్రచురణకర్త రాసిన ముందుమాటలో "ఇంతవరకు ఏ సంపుటిలోనూ చేరని కథలు" అన్నారు.

నవల తీసుకెళ్లిన మొదటి పాఠకురాలు మర్నాడే తెచ్చి ఇచ్చేశారు. "ఇదేటి టీచరమ్మా, ఇది నేనెప్పుడో చదివీసిన నవలే. అప్పుడు పేరు ఇది కాదు" అన్నారట. టీచరు గారు వెంటనే నమ్మలేదు. ఇంకో ఇద్దరికి ఇచ్చి చూశారు. ఇద్దరూ అదే మాట అన్నారు. ఒకావిడైతే సగం చదివి, మిగతా కథంతా చివరి అధ్యాయం దాకా తనే చెప్పేశారు.

టీచరు గారు నా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ బాధ 450 రూపాయల గురించి కాదు. "చందా ఇచ్చినవాళ్లు కొత్త పుస్తకాలు తెమ్మని ఇచ్చారండీ. నేను పాతవి తెచ్చి పెట్టానని అనుకోరా? ఈ పుస్తకం మీద ఉన్న మాట అబద్ధమని ఎవరిచేతైనా ఒప్పించండి, అది చాలు" అన్నారు. కేసు చివరిదాకా నేను ఆ కోరిక దాటి పోలేదు.

పునర్ముద్రణ తప్పు కాదు

వాదనలోకి వెళ్లేముందు ఒకటి చెప్పాలి. పాత నవల మళ్లీ అచ్చు వేయడం మంచి పని. 1960ల నుంచి 80ల దాకా తెలుగు వారపత్రికల్లో వచ్చిన వందల సీరియళ్లు పుస్తకంగా ఒక్కసారి వచ్చి మాయమైపోయాయి. అప్పటి ప్రచురణ సంస్థలు చాలావరకు మూతబడ్డాయి. అద్దె షాపుల్లో నలిగిన కాపీలు చిత్తుకాగితాల కింద పోయాయి. వాటిని ఎవరైనా వెతికి తీసి మళ్లీ వేస్తే మనం చేతులెత్తి దండం పెట్టాలి.

పేరు మార్చడం కూడా దానంతట అది నేరం కాదు. అదే పేరుతో ఇంకో నవల పేరుపడి ఉండొచ్చు, సినిమా వచ్చి ఉండొచ్చు, రచయితకే పాత పేరు నచ్చకపోవచ్చు. పేరు మారితే ఐఎస్‌బీఎన్ (ఒక్కో పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) కొత్తది తీసుకోవడం కూడా నియమమే. కాబట్టి కొత్త ఐఎస్‌బీఎన్ ఉంది గనక కొత్త పుస్తకం అనీ అనలేం, అది మోసానికి గుర్తు అనీ అనలేం. దాని మీద వాదన కట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఈ మాటే చెబుతాను.

తప్పల్లా చెప్పకపోవడంలోనే ఉంది. పాత బియ్యానికి కొత్త బియ్యం కంటే ధర ఎక్కువే పలుకుతుంది, కానీ బస్తాలో ఉన్నది ఏదో బస్తా మీద రాసి ఉండాలి. "ఈ నవల ఫలానా సంవత్సరంలో ఫలానా పేరుతో వచ్చింది" అన్న ఒక్క వాక్యం ముద్రణ వివరాల పేజీలో ఉంటే ఈ కేసే లేదు. ఆ వాక్యం లేకపోగా దాని స్థానంలో "ప్రథమ ముద్రణ" అని ఉంది.

ఎందుకు అలా వేస్తారు? లైబ్రరీలు పుస్తకాలు కొనేటప్పుడు ఈ మధ్య సంవత్సరాల్లో అచ్చయిన వాటినే అడగడం మామూలు. ఆన్‌లైన్ షాపుల్లోనూ కొత్తవే ముందు కనబడతాయి. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక వంద కాపీలు వేసుకున్నా గిట్టుబాటవుతుంది, వెయ్యి కాపీల రోజుల్లో ఉన్న భయం లేదు. పాత నవల దొరికిన కాపీని మళ్లీ డీటీపీ చేయించి, కొత్త బొమ్మ వేయిస్తే ఖర్చు తక్కువ, "కొత్త నవల" అనే మాటకు గిరాకీ ఎక్కువ.

రుజువు కూడబెట్టిన తీరు

ఇలాంటి కేసులో "నేను చదివాను, నాకు గుర్తుంది" అంటే చాలదు. పాత అచ్చు చేతికి రావాలి. టీచరు గారు తన పాఠకులకే ఈ పని పెట్టారు. ఒకరి ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టెలో 1981 నాటి పుస్తకం దొరికింది. అద్దె షాపు రబ్బరు స్టాంపు ఇంకా కనబడుతోంది. గజపతినగరంలో ఉన్న ఒక బంధువు దగ్గర అదే నవల సీరియల్ కటింగులు కుట్టించి పెట్టుకున్న బైండు దొరికింది. ఆ రోజుల్లో పేజీల అడుగున పత్రిక పేరు, సంచిక తేదీ వేసేవారు కాబట్టి కటింగులే అయినా తేదీలు మిగిలాయి. 1977, 78 సంవత్సరాల సంచికలు.

కథల సంపుటి విషయంలో శ్రీకాకుళం వెళ్లాం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న అక్కడ ప్రారంభించిన కథానిలయం లాంటి సంస్థ దగ్గరలో ఉండటం మా అదృష్టం. తెలుగు కథలు మొదట ఏ పత్రికలో ఎప్పుడు అచ్చయ్యాయో చూసుకోవడానికి పాత పత్రికలు, సంపుటాలు ఒకచోట దొరికే చోటు అది. సంపుటిలో ఉన్నవి 14 కథలు. అందులో 9 కథలు అదే రచయిత్రి 1986లో వేసిన సంపుటిలో ఉన్నాయి. ఆ తొమ్మిదిలో అయిదింటికి పేర్లు మార్చారు. మిగిలిన 5 కథలు నిజంగానే పత్రికల్లోంచి సంపుటికి ఎక్కనివి. ఆ అయిదు కథల గురించి ప్రచురణకర్త రాసింది నిజం. "ఇదివరకటి సంపుటిలోని తొమ్మిది కథలు, ఎక్కడా చేరని అయిదు కథలు" అని ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే ఆ అయిదింటి కోసమే కొనేవాళ్లు ఉన్నారు. నేనే కొనేవాణ్ణి.

అసలు పని నవలను పక్కపక్కన పెట్టి చదవడంలో ఉంది. పొడవాటి కాగితం మీద మూడు గళ్లు గీసి సీరియల్, 1981 పుస్తకం, 2023 పుస్తకం అని పెట్టుకుని అధ్యాయం తర్వాత అధ్యాయం పోల్చాం. ఇందులో ఎక్కువ శ్రమ టీచరు గారిదీ, ఆవిడ పాఠకులదీ.

అధ్యాయాలు ఎక్కడెక్కడ ఆగాయో చూడటంతో మొదలుపెట్టాం. వారం వారం వచ్చిన భాగం ఎక్కడ ఆగిందో మూడింటిలోనూ అధ్యాయం అక్కడే ఆగింది. ఇక అచ్చుతప్పు సంగతి. 1981 పుస్తకంలో ఒకచోట కథానాయిక చెల్లెలి పేరు బదులు పొరపాటున పక్కింటావిడ పేరు పడింది. సీరియల్‌లో ఆ తప్పు లేదు. 2023 పుస్తకంలో అదే వాక్యంలో అదే తప్పు ఉంది. అంటే కొత్త పుస్తకానికి మూలం 1981 కాపీ అని తేలిపోయింది. ఒప్పులు కలవడం కంటే తప్పులు కలవడం గట్టి సాక్ష్యం. ఇలాంటి పోలిక చేసే ఎవరైనా ముందు అచ్చుతప్పుల కోసం వెతకాలని నా సలహా.

తర్వాత మార్పుల దగ్గరికి వచ్చాం. నవల ఇప్పటిదని అనిపించడానికి ఎవరో కొన్ని మాటలు మార్చారు. కథానాయిక జీతం నెలకు 450 రూపాయలు ఉండేది, దాన్ని 45,000 చేశారు. ఆవిడ కట్టే ఇంటి అద్దె మాత్రం 60 రూపాయలుగానే వదిలేశారు. నెలకు 45,000 తెచ్చుకుంటూ 60 రూపాయల అద్దె కట్టలేక ఆవిడ కన్నీళ్లు పెట్టుకునే సన్నివేశం అలాగే ఉంది. టెలిగ్రాం అన్నచోట మెసేజ్ అని మార్చారు, కానీ ఆ మెసేజ్ పట్టుకుని పోస్ట్‌మన్ గుమ్మంలోకి వస్తాడు. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటన్నర కూర్చున్న మనిషి కొత్త పుస్తకంలో "ఫోన్ చేసి" గంటన్నర కూర్చుంటుంది. అసలు నవలలో ఆ గంటన్నర నిరీక్షణ చదువుతుంటే గుండె పట్టేస్తుంది. ఇప్పుడు దానికి అర్థమే లేకుండా పోయింది. ఈ పేజీ చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

మార్చడం మరిచిపోయినవే మాకు ఇంకా పనికొచ్చాయి. నవలలో కథ జరిగే ఊరు "శ్రీకాకుళం జిల్లా సాలూరు తాలూకా"లో ఉంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం తాలూకాలు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. మండలాలు వచ్చాక 1985లో తాలూకాలు పోయాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 2023లో రాసిన తాజా నవల సాలూరును శ్రీకాకుళం జిల్లాలో ఎలా పెడుతుంది? అదే నవలలో గ్రామ మునసబు ఉన్నాడు, కరణం ఉన్నాడు. ఆ ఉద్యోగాలు 1984లోనే రద్దయ్యాయి. పాత కాలం మీద ఇప్పుడు రాసిన నవల అయితే ఇవన్నీ ఉండొచ్చు గానీ, అందులోనే జీతం 45,000 ఉండదు. ఈ ప్రాంతంలో పుట్టిపెరిగిన ఎవరికైనా ఈ రుజువు అర్థమైపోతుంది. తర్వాత ప్రచురణకర్తకు పంపిన నోటీసులో దీనికి ఒక పేరా పూర్తిగా ఇచ్చాను.

ఆన్‌లైన్ షాపు పేజీ సంగతి వేరు. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మారిపోతుంది. అందుకే అన్నిటికంటే ముందు దాని స్క్రీన్‌షాట్లు తేదీ, లింకు కనబడేలా తీసి పెట్టాం. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ కూడా రాయించాను. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ అనేది ఇదే, 2024 జులై 1 నుంచి నంబరు మారింది. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్యం మీద మరీ అంత పట్టింపు ఉండదు, అయినా ఉండటం మంచిది. ఆర్డరు బిల్లు, పార్శిల్ కవరు కూడా దాచమన్నాను.

రచయిత్రిని కలిసినప్పుడు

రచయిత్రి బొబ్బిలిలో కొడుకు దగ్గర ఉంటున్నారని తెలిసింది. ఎనభై దాటాయి. ఆవిడకు తెలిసే జరిగిందేమో, అప్పుడేం చెయ్యాలి అన్న టెన్షన్ టీచరు గారికి ఉంది. వెళ్లి పుస్తకం చేతిలో పెట్టాం. ఆవిడ చాలాసేపు అట్టనే చూశారు.

"మళ్లీ వేసుకుంటామని ఓ అబ్బాయి వచ్చాడు బాబూ. కాగితం మీద సంతకం పెట్టాను. సంతోషించాను కూడా. పేరు మారుస్తారని నాకు చెప్పలేదు. నేను కొత్తగా రాశానని వేస్తారని అసలు చెప్పలేదు."

ఆ కాగితం జిరాక్సు ఆవిడ దగ్గర ఉంది. నాలుగు వాక్యాలు. "నా నవలను, కథలను పునర్ముద్రించుకొనుటకు అంగీకరిస్తున్నాను" అని ఉంది. గడువు లేదు, రాయల్టీ ఎంతో లేదు, పేరు మార్పు ఊసు లేదు. పది కాపీలు ఇస్తామన్నారట. ఒక్కటీ రాలేదు. అందుకే మేం చూపించేదాకా ఆవిడ ఆ పుస్తకాన్ని చూడలేదు.

ఇంకో సంగతి చెప్పినప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది. పాత పాఠకురాలొకరు ఎక్కడో పుస్తకం చూసి, ఫోన్ నంబరు సంపాదించి, ఈ వయసులో కొత్త నవల రాసినందుకు అభినందనలు చెప్పారట. ఏ నవలో ఈవిడకు అర్థం కాలేదు. చదివాక ఆ పాఠకురాలే మళ్లీ ఫోన్ చేసి, "మీరు కూడా ఇలా చేస్తారనుకోలేదు" అని పెట్టేశారట. "ఆవిడ నన్నే అనుకుంది బాబూ. పుస్తకం మీద నా పేరే కదా ఉంది. కంపెనీ పేరు ఎవరు చూస్తారు?"

ఈ మాట విన్నాక కేసు గురించి నా ఆలోచన బరువెక్కింది. అంతవరకు పాఠకుడి నష్టమే చూస్తున్నాను. ఇలాంటి పుస్తకం వల్ల ఎక్కువ పోగొట్టుకునేది రచయిత. పాఠకుడికి పోయేది 250 రూపాయలు, రచయితకు పోయేది యాభై ఏళ్లుగా నిలుపుకున్న నమ్మకం.

చట్టం ఏం చెబుతుంది

తొలిసారి ఎప్పుడు అచ్చయిందో పుస్తకం మీద రాయాలని మన దగ్గర సూటిగా చెప్పే చట్టం లేదు. ప్రింటరు పేరు, ప్రచురణకర్త పేరు, అచ్చయిన ఊరు వేయాలని 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం చెప్పేది. దాని బదులు వచ్చిన 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, అది పత్రికలకే. కాబట్టి ముద్రణ చరిత్ర రాయలేదు అన్న ఒక్క కారణం మీద ఎవరినీ పట్టుకోలేం. అబద్ధం రాశారు, ముఖ్యమైన సంగతి దాచారు అన్నదాని మీద పట్టుకోవాలి. అందుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరిపోతుంది.

టీచరు గారు వినియోగదారే. కొన్నది అమ్ముకోవడానికి కాదు, ఉచిత లైబ్రరీకి. ఫిర్యాదిదారు ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చని 34వ సెక్షన్ చెబుతుంది కాబట్టి విజయనగరం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ప్రచురణకర్త ఊరికి పరుగెత్తక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

అనుచిత వాణిజ్య పద్ధతి అంటే ఏమిటో చెప్పే 2(47) సెక్షన్‌లో "పాత వస్తువులను కొత్తవని తప్పుగా చూపడం" అనే అంశం ఉంది. చదవగానే ఇదే మన కేసు అనిపిస్తుంది. నేను మాత్రం దాన్ని మొదటి వాదనగా పెట్టలేదు. కాగితం కొత్తది, అచ్చు కొత్తది, బైండింగ్ కొత్తది, వస్తువు కొత్తదే కదా అని అవతలివాళ్లు అంటారు. ఆ అంశంలో ఉన్నవి వాడేసిన, మరమ్మతు చేసిన వస్తువులు. ఆ తగువులో పడితే నెలలు పోతాయి. తప్పుదోవ పట్టించే ప్రకటన గురించి చెప్పే 2(28) మీద నిలబడ్డాను. వస్తువు స్వభావం గురించి, సారం గురించి వినియోగదారుని తప్పుదోవ పట్టించేది, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచేది ఆ నిర్వచనంలోకి వస్తాయి. నవల కొనేవాడు కాగితం కొనడం లేదు, తాను చదవని కథ కొంటున్నాడు. వెనక అట్ట ఆ కథ గురించి అబద్ధం చెప్పింది. పాత వస్తువు వాదనను దాని తర్వాత, అదనంగా పెట్టాను.

ఇది మన దగ్గరే పుట్టిన తగువు కాదు. అమెరికాలో 1940ల్లోనే పేపర్‌బ్యాక్ ప్రచురణకర్తలు పాత నవలలను కుదించి, పేర్లు మార్చి అమ్మితే వ్యాపారంలో మోసాలను అరికట్టే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం పెట్టింది. ఆ సంగతి కొనేవాడికి కనబడేలా చెప్పాలని ఆదేశాలిచ్చింది. మన కమిషన్లు దానికి కట్టుబడాల్సిన పని లేదు గానీ, వాదన సాగదీస్తే చూపించడానికి దగ్గర పెట్టుకున్నాను.

రచయిత్రి హక్కు కాపీరైట్ చట్టం కింద విడిగా వస్తుంది. కాపీరైట్ ఆవిడదే, పునర్ముద్రణకు అనుమతి కూడా ఇచ్చారు. అంచేత దొంగతనంగా అచ్చు వేశారనలేం. ఆ పేరు పెట్టి క్రిమినల్ కేసు వేద్దామని ఆవిడ కొడుకు అడిగారు. నిలబడదని చెప్పాను. కానీ 57వ సెక్షన్ రచయితకు ఒక ప్రత్యేక హక్కు ఇస్తుంది. కాపీరైట్ ఎవరికి ఇచ్చేసినా సరే, తన పేరుప్రతిష్ఠలకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకు మిగులుతుంది. పోస్ట్‌మన్ తెచ్చిన మెసేజ్, 45,000 జీతం దీని కిందికే వస్తాయి. గడువు రాయని కాగితం చెల్లేది అయిదేళ్లే అని 19వ సెక్షన్ చెబుతుందనీ ఆవిడకు వివరించాను.

వాళ్ల జవాబు

ఫిర్యాదుకు ముందు లాయరు నోటీసు ఇవ్వాలని చట్టంలో లేదు. అయినా ఇచ్చాను, పోలిక పట్టికలు జత చేసి. టీచరు గారి తరఫున ఒకటి, రచయిత్రి తరఫున ఒకటి.

మొదటి జవాబు ఊహించినట్టే వచ్చింది. రచయిత్రి అనుమతి ఉంది, పేర్లు మార్చడం వ్యాపారంలో మామూలు, తమ సంస్థకు ఇది ప్రథమ ముద్రణే కాబట్టి ఆ మాట అబద్ధం కాదు, ఫిర్యాదిదారు నష్టపోయింది ఏమీ లేదు అన్నారు. అనుమతి వాదన టీచరు గారి నోటీసుకు జవాబు కాదు. రచయిత్రి ఒప్పుకున్నంత మాత్రాన పాఠకుడికి అబద్ధం చెప్పే హక్కు రాదు. "మా సంస్థకు ప్రథమ ముద్రణ" అన్న వాదన కొంచెం ఆలోచించాల్సినదే. తెలుగు ప్రచురణల్లో కొందరు నిజంగానే ఆ అర్థంలో వేస్తారు. కానీ వాళ్లు "మా తొలి ముద్రణ" అనో, "ఈ సంస్థ ముద్రణ" అనో వేసి, పైన అసలు తొలి ముద్రణ సంవత్సరం ఇస్తారు. పైగా వెనక అట్ట మీది "తాజా నవల" అన్న మాటకు ఈ వివరణ ఏ రకంగానూ అతకదు. మార్చిన జీతం, మార్చిన టెలిగ్రాం గురించి జవాబులో ఒక్క ముక్క లేదు. ఒకటి అడిగాను: దాచే ఉద్దేశం లేకపోతే ఆ మాటలు ఎందుకు మార్చారు? ఈ ప్రశ్న ఒక్కటే పెట్టి, ఫిర్యాదు చిత్తుప్రతి జత చేసి రెండో ఉత్తరం పంపాను.

దానికి జవాబు రాలేదు, ఫోన్ వచ్చింది. సంస్థ యజమాని స్వయంగా మాట్లాడారు. మర్యాదగానే మాట్లాడారు. పాత పుస్తకం అని వేస్తే షాపులవాళ్లు తీసుకోవడం లేదన్నారు. ఆయన బాధ అబద్ధమని నేను అనుకోవడం లేదు. తెలుగు పుస్తకం అమ్మడం కష్టమే. ఆ కష్టాన్ని టీచరు గారి చందా డబ్బు మీదికి, ఎనభై ఏళ్ల రచయిత్రి పేరు మీదికి తోసెయ్యడం న్యాయం కాదని చెప్పాను.

కుదిరిన ఒప్పందం

కమిషన్‌లో ఫిర్యాదు వేసి ఉత్తర్వు తెచ్చుకుంటే ఇంకొకరికి పనికొచ్చేదని నాకు ఉండింది. రచయిత్రి వయసు చూసి, టీచరు గారి కోరిక చూసి రాతపూర్వక ఒప్పందానికి మొగ్గాను. సంతకాలు అయ్యేదాకా ఫిర్యాదు చిత్తు అలాగే ఉంచాం.

మొదటి షరతు స్లిప్పులది. అమ్ముడుకాని కాపీలన్నిటికీ ముద్రణ వివరాల పేజీ మీద ఒకటి, వెనక అట్ట మీద ఒకటి అంటించాలి. ఏం రాయాలో మాట మాటా మేమే రాసి ఇచ్చాం: నవల సీరియల్‌గా వచ్చిన సంవత్సరాలు, 1981 పుస్తకం పేరు, పాఠం రచయిత్రి అనుమతి లేకుండా మార్చబడిందన్న సంగతి. ఈ చివరి ముక్క మీదే ఎక్కువ పేచీ నడిచింది. "స్వల్ప మార్పులతో" అని వేస్తామన్నారు. రచయిత్రి ఒప్పుకోలేదు. "చిన్న మార్పో పెద్ద మార్పో, నేను చెయ్యలేదని ఉండాలి" అన్నారు. అలాగే వేశారు. కథల సంపుటిలో విషయసూచిక పక్కన ఏ కథ ఏ పత్రికలో, ఏ తేదీన, ఏ పేరుతో వచ్చిందో మొత్తం పట్టిక అతికించారు. దానికి కథానిలయంలో రాసుకున్న నోట్సే ఆధారం.

ఆన్‌లైన్ పేజీలో "న్యూ రిలీజ్" తీసేసి పాత పేరు చేర్చాలన్నది రెండో షరతు. సంస్థ సొంత పేజీలో వెంటనే మారింది. వాళ్ల దగ్గర సరుకు తీసుకుని అమ్మే ఇతర అమ్మకందారుల పేజీల్లో ఇది రాసేనాటికి కూడా రెండుచోట్ల పాత వర్ణనే ఉంది. ఆ ఇద్దరికీ విడిగా ఉత్తరాలు రాశాం. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో నమోదు చేయించి, ఆపైన కమిషన్‌కు వెళ్తాం. టీచరు గారి రెండేళ్ల గడువు 2026 ఆగస్టు దాకా ఉంది.

డబ్బు విషయం తొందరగా తేలింది. టీచరు గారికి రెండు పుస్తకాల ధర, ఖర్చులు ఇచ్చారు. కొన్నవాళ్లు ఎవరు అడిగినా 90 రోజుల్లోపు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. పుస్తకాలు కొన్న లైబ్రరీలకు దిద్దుబాటు ఉత్తరం రాసి, నకళ్లు మాకు పంపారు. లైబ్రరీ కేటలాగులో ఒకే నవల రెండు పేర్లతో, రెండు తేదీలతో ఎక్కిపోతే రేపు ఈ రచయిత్రి మీద పరిశోధన చేసే పిల్లలు 2023లో కూడా ఆవిడ నవల రాశారని రాసేస్తారు. అందుకే ఈ ఉత్తరాల మీద పట్టుబట్టాను.

రచయిత్రికి పాత నాలుగు వాక్యాల కాగితం రద్దయి మూడేళ్ల గడువుతో కొత్త ఒప్పందం వచ్చింది. రాయల్టీ శాతం, ఎన్ని కాపీలు వేశారో ఏటా లెక్క చెప్పడం, పేరు గానీ పాఠం గానీ మార్చాలంటే ముందు రాతపూర్వక అనుమతి అడగడం అందులో ఉన్నాయి. తర్వాతి ముద్రణ పాత పేరుతో, సీరియల్ పాఠం ప్రకారం వేస్తారు. ప్రూఫులు టీచరు గారు దిద్దుతానన్నారు. మొదటి నాలుగు అధ్యాయాల ప్రూఫులు బొబ్బిలి వెళ్లి వచ్చాయి. చెల్లెలి పేరు దగ్గర పడిన తప్పు సరిచేశారు. జీతం 450, అద్దె 60 అలాగే ఉంచమని పక్కన ఆవిడ చేత్తోనే రాశారు.